అమ్మమ్మ ఇంటి లెక్కలు

గోదావరి జిల్లాల పాత మండువా ఇళ్ళలో వాన ఇంట్లోనే కురిసేది. నాలుగు వైపులా గదులు, వాటి ముందు వసారా, నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉన్న చదరం. నాలుగు కప్పులూ ఆ చదరం మీదికే వాలి ఉండేవి. రెండు వాలులు కలిసే మూలల్లో నీళ్ళు ధార కట్టి పడతాయి కాబట్టి అమ్మమ్మ గంగాళాలు, బిందెలు సరిగ్గా ఆ మూలలకే చేర్చేది. మొదటి వాన నీళ్ళు మాత్రం పట్టనిచ్చేది కాదు. వేసవంతా పెంకుల మీద పేరుకున్న దుమ్ము, కాకిరెట్టలు, ఎండుటాకులు ముందు కడుక్కుపోవాలి. రెండో వానో మూడో వానో, అది కూడా మొదలై కాసేపయ్యాక, "ఇప్పుడు పెట్టండర్రా" అనేది. ఆ నీళ్ళు పప్పు ఉడకేయడానికి. నూతి నీళ్ళలోని ఉప్పులు వాన నీళ్ళలో ఉండవు, అందుకే కందిపప్పు బద్ద నీలుక్కుపోకుండా తొందరగా మెత్తబడుతుంది. పట్టగా మిగిలిన నీరు తూములోంచి పెరట్లో అరటి పాదుల్లోకి పోయేది. తూముకి చెత్త అడ్డం పడితే వసారాలోకి నీళ్ళెక్కేస్తాయి. వానలకి ముందే వెదురుబద్దతో ఒకసారి పొడిపించడం ఆవిడ ఏటా మరిచిపోని పని.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవ నీళ్ళు వచ్చాక డెల్టాలో ఇల్లంటే ధాన్యం చుట్టూ తిరిగేదే. ఇంట్లో గాదె, వాకిట్లో పురి. వరిగడ్డితో లావుపాటి తాడు పేని, చుట్ల మీద చుట్లు వేస్తూ, లోపల ధాన్యం పోస్తూ ఎత్తు పెంచి, పైన గడ్డి కప్పు వేస్తే అది పురి. అందులో పోసే ముందు గింజ ఎండిందో లేదో పంటి కింద పెట్టి చూసేవారు. టక్కున విరగాలి. నలిగితే ఇంకా తడుందన్నమాట. ఆ తడితోనే పోస్తే లోపల వేడెక్కి, ధాన్యం ముక్కిపోయి, దంచితే బియ్యం పచ్చగా వస్తాయి. ఆ వాసన ఎన్ని నీళ్ళు కడిగినా పోదు.

కొలతలన్నీ గిద్దెలూ సోలల్లోనే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. మనుషులకి బియ్యం సోల లెక్కన, పాలేరుకి ధాన్యం కుంచాల లెక్కన. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చి అణాలు పోయినా ఆ తరం ఆడవాళ్ళ నోట్లోంచి బేడ, పావలా పోలేదు. కిలోలు వచ్చాక కూడా సోల డబ్బా బియ్యం బానలోనే ఉండేది. ఇందులో మొండితనమేమీ లేదు. పచ్చడికీ పిండివంటకీ బరువుకంటే పరిమాణమే చేతికి తేలిక: ఒకటే గిన్నెతో అన్నీ కొలిస్తే గిన్నె ఎంతదైనా పాళ్ళు తప్పవు. కొలిచేటప్పుడు తలకొట్టి కొలవడం వేరు, గోపురం కట్టేలా కొలవడం వేరు. ఉప్పు ఎప్పుడూ తలకొట్టి. అప్పిచ్చిన బియ్యం ఏ కొలతతో ఇచ్చిందో అదే కొలతతో తిరిగి తీసుకునేది, కానీ తాను తీర్చేటప్పుడు మాత్రం గోపురం కట్టి ఇచ్చేది.

వంటింట్లో అసలు విద్య పాల దగ్గర కనబడుతుంది. పెరటి వసారాలో ఓ మూల జానెడు లోతున దాలిగుంట. అడుగున విరిచిన పిడకలు, మధ్యలో నిప్పు, చుట్టూ ఊక. మంట ఎగిసి, పొగ తగ్గి, పైన బూడిద పొర కట్టేదాకా పాలకుండ పెట్టకూడదు. తొందరపడి పెడితే పాలు అడుగంటి ఇంటిల్లిపాదికీ ఆ రోజు మాడు వాసన మజ్జిగే. సరిగ్గా పెడితే మధ్యాహ్నానికి పాలు ఎర్రబడతాయి, పైన మీగడ మందంగా తట్టు కడుతుంది. కుండ మీద మూకుడు పూర్తిగా మూయకుండా ఓరగా పెట్టేది, లేకపోతే ఆవిరి చుక్కలై మీగడ మీద పడి తట్టు విడిపోతుంది. పాలు విరిగాయంటే తొంభైపాళ్ళు తప్పు కుండదే. మట్టికుండ గోడలకి నిన్నటి పాలు పట్టి ఉంటాయి. అందుకే బూడిద, కొబ్బరి పీచు వేసి తోమి, వేణ్ణీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించి, అప్పటికీ తృప్తి లేక నిప్పు మీద ఒక్క నిమిషం కాచేది.

సాయంత్రం తోడు. చిటికెనవేలు ముంచి మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఉంచగలిగితే ఆ వేడి చాలు. అంతకంటే వేడిగా ఉంటే పెరుగు నీళ్ళోడుతుంది, చల్లారిపోతే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. మానిక పాలకి ఎండాకాలమైతే అరచెంచాడు పెరుగు, చలికాలం రెండు చెంచాలు, పైగా కుండకి గోనెసంచి చుట్టబెట్టి పొయ్యి దగ్గర పెట్టడం. ఎండాకాలం తోడు ఎక్కువైతే పెరుగు పొద్దున్నకే పుల్లబడి చుర్రుమంటుంది.

చిలకడం తెల్లవారుజామున. స్తంభానికి కట్టిన రెండు తాటి ఉచ్చుల్లో కవ్వం నిలబెట్టి, కవ్వం నడుముకి చిలుకుతాడు చుట్టి, ఓ చెయ్యి లాగుతుంటే రెండో చెయ్యి వదలాలి. మొదట్లో నింపాదిగా, పెరుగు పూర్తిగా విరిగాక జోరుగా. వెన్న పడుతోందని చప్పుడులోనే తెలుస్తుంది. బుడబుడమంటున్న మోత బరువెక్కి మందగిస్తుంది. ఎండాకాలం వెన్న కరిగి మజ్జిగలో కలిసిపోతుంది కాబట్టి నూతి నుంచి అప్పుడే తోడిన చల్లనీళ్ళు పోసేది. చలికాలం వెన్న రవ్వరవ్వగా ఉండిపోయి ముద్దకట్టదు, అప్పుడు ఓ చెంబుడు గోరువెచ్చని నీళ్ళు. ఇది తెలియక చాలామంది ఇంకా గట్టిగా, ఇంకాసేపు చిలుకుతారు. భుజాలు పడిపోవడమే తప్ప వెన్న రాదు.

ఆ వెన్నని మూడు నాలుగు నీళ్ళు కడిగి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మజ్జిగ వదిలించి, వారం తిరక్కుండా కాచేయాలి. నిలవ పెడితే నెయ్యికి ఓ రకం ముక్క వాసన పట్టేస్తుంది, ఏం వేసినా పోదు. మందపాటి గిన్నె, సన్నసెగ. మొదట తెల్లటి నురుగు, తర్వాత చిటపటలు, అది వెన్నలోని నీరు పోతున్న చప్పుడు. చప్పుడు ఆగి, నురుగు పల్చబడి, అడుగున గోకుడు గోధుమరంగుకి తిరగ్గానే గుప్పెడు మునగాకో, ఓ తమలపాకో వేసి దించెయ్యాలి. గిన్నె వేడికి ఇంకో మెట్టు కాగుతుంది కాబట్టి రంగు పూర్తిగా వచ్చేదాకా ఆగితే మాడినట్టే. నెయ్యి పూసకట్టాలంటే కదపకుండా నెమ్మదిగా చల్లారనివ్వాలి. గోకుడులో వేడి అన్నం, కాస్త బెల్లం కలిపి పిల్లలకి పెట్టేసేది. గిన్నె తోమే పని కూడా సగం తప్పేది.

ఇవన్నీ చదివితే నోరూరుతుంది కానీ, ఆ వంటింట్లో పొగగూడు ఎంత చిన్నదో కూడా చెప్పుకోవాలి. వానకాలం తడి కట్టెలు, ఊదుగొట్టం, కళ్ళమ్మట ధారగా నీళ్ళు. ఎదురుగాలి వీచిందంటే పొగ మొత్తం లోపలికే. ఆ తరం ఆడవాళ్ళలో ఎంతమంది దగ్గుతూనే ముసలివాళ్ళయ్యారో ఎవరూ లెక్క రాయలేదు. గ్యాసు పొయ్యి వచ్చినప్పుడు దాలిపాల రుచి పోయిందని బెంగపడ్డది తినేవాళ్ళే, వండేవాళ్ళు కాదు.

రాతి సామాన్లకి కూడా ఒక పద్ధతి ఉండేది. తిరగలి కింది రాయి నడుమ మేకు, దాని మీద పై రాయి తిరుగుతుంది. నడి చిల్లులో గుప్పెడు గింజలు పోస్తూ తిప్పాలి. ఎక్కువ పోస్తే పై రాయి తేలిపోయి గింజ నలగదు, తక్కువైతే రాయి రాయి రాసుకుని పిండిలో ఇసుక. కందులు పప్పు చెయ్యాలంటే ముందు ఎర్రమట్టి కలిపిన నీళ్ళు పట్టించి, మంచి ఎండలో పెట్టి, పొట్టు వదులయ్యాక విసరాలి. విసిరాక చేట పని. ఎగరేసి పొట్టు పోగొట్టడం చెరగడం, మెల్లగా ఊపుతూ నూకనీ బద్దనీ వేరుచెయ్యడం నేమడం. చెరగడం ఎవరైనా రెండు పూటల్లో పట్టుకుంటారు. నేమడం అందరికీ రాదు, మణికట్టులో ఉంటుంది. తిరగలి అరిగి నునుపెక్కితే కక్కు కొట్టించేది, అంటే ఉలితో రాయిని మళ్ళీ గరుకు చేయించేది. కొట్టించిన రోజున మొదట గుప్పెడు ఊక, తర్వాత గుప్పెడు నూకలు విసిరి పారబోసేది. లేకపోతే మొదటి వాయి పిండిలో రాతిపొడి వస్తుంది.

ఆ ఇంట్లో ఏడాది మొత్తానికి పెద్ద పని వైశాఖంలో పెట్టే ఆవకాయ. వానలు పడకముందే అయిపోవాలి. చినుకు పడ్డాక కోసిన కాయకి నీరెక్కి ముక్క మెత్తబడుతుంది. కాయ పుల్లగా, పీచుతో, కండ గట్టిగా ఉండాలి, టెంక ముదిరి ఉండాలి. నాటు కాయ మంచిది, కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడి అయితే మరీ మంచిది. కాయ కోసిన రోజే పెట్టెయ్యాలి. రెండ్రోజులు బుట్టలో మగ్గితే లోపల పసుపు తిరిగి తీపెక్కుతుంది. కాయలు నీళ్ళలో వేసి కడిగి, ముచ్చిక కోసి సొన కారనిచ్చి, పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి చాప మీద ఆరబెట్టేది. తర్వాత కత్తి. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి. టెంక ఊడిన ముక్క నెల్లాళ్ళలో గుజ్జయిపోతుంది, దాన్ని విడిగా తీసి ఆ పూట పప్పులోకి పంపించేది. జీడి తీసేసి, టెంక లోపలి పల్చటి పొర కూడా ఊడబెరికి, మళ్ళీ ఓ పొడిగుడ్డతో తుడవాలి. ఈ పొర దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. బూజు మొదట పట్టేది కూడా అక్కడే.

పాళ్ళు ఇవి: కుంచం ముక్కలకి, అంటే నాలుగు మానికలకి, మానిక ఆవపిండి, మానిక కారం, ఉప్పు తలకొట్టి ముప్పావు మానికకి కాస్త పైన. నూనె మానిక నుంచి మానికన్నర. గుప్పెడు మెంతులు, చెంచాడు పసుపు. ఆవాలు ఎండలో పెట్టి, చల్లారాక దంచాలి. వేడి మీద దంచినా, ఆగకుండా దంచి పిండి వేడెక్కనిచ్చినా చేదెక్కుతుంది. అందుకే రోట్లో కొద్దికొద్దిగా, ఆగి ఆగి. ఇప్పుడు మిక్సీలో ఆవపిండి చేదొస్తోందంటే కారణం అదే. రాళ్ళుప్పు ఎండబెట్టి దంచాలి, ఎందుకంటే తడి ఉప్పు కొలతలో మోసం చేస్తుంది. నూనె నువ్వులది, పచ్చిదే.

పొడులన్నీ ముందు కలిపి, ముక్కల్ని గుప్పెళ్ళ లెక్కన నూనెలో ముంచి, పిండిలో పొర్లించి జాడీలోకి జారవిడిచేది. ఒక వరస ముక్కలు, పైన గుప్పెడు పిండి, మళ్ళీ వరస. నూనె సగం ఆ రోజే, సగం మూడో రోజుకి. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి ఎత్తైన చోట పెట్టి, "తడి చేత్తో ఎవరైనా ముట్టుకున్నారో, చూడండి మరి" అని ఇల్లంతా వినబడేలా చెప్పేది. మూడో రోజు తలంటుకుని, చేతులు తుడుచుకుని, పెద్ద పళ్ళెంలోకి తీసి తిరగకలిపేది. ఈపాటికి ఉప్పు ముక్కలోని రసం లాగేసి ఉంటుంది, పిండి ముద్దగా జారుతుంది. అప్పుడు చూసే రుచే అసలైన పరీక్ష. ఉప్పు నాలిక్కి ఒక పిసరు ఎక్కువ అనిపించాలి. సరిపోయిందీ అనిపించిందంటే తక్కువన్నమాట, ముక్క ఇంకా పీల్చుకోవాలి కదా. తక్కువైన ఆవకాయ శ్రావణానికి బుడగలు కక్కి పులుస్తుంది. మిగిలిన నూనె పోసి, పైన వేలి మందాన తేలేలా చూసి, మళ్ళీ వాసెన. పెద్ద జాడీ నెలకోసారే తెరిచేది. రోజువారీకి చిన్న జాడీలోకి తీసి, పెద్దదానిలో ముక్కల్ని గరిటెతో అదిమి నూనె పైకి వచ్చేలా చేసి మూసేది. నూనె పొర పైకి తేలిన ముక్కకే గాలి తగులుతుంది, అదే ముందు పాడవుతుంది.

గుమ్మడి వడియాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక్కటి తప్ప. బూడిదగుమ్మడి ముక్కలకి ఉప్పు, పసుపు కలిపి మూటకట్టి, రాత్రంతా పైన తిరగలి రాయి ఎత్తేది. నీరు పూర్తిగా దిగకపోతే మినప్పిండి జారిపోయి వడియం అప్పడంలా పరుచుకుంటుంది. పిండి కూడా నీళ్ళు తగలకుండా గట్టిగా రుబ్బాలి. పెట్టిన రోజు మబ్బు పడితే గతి లేదు. ఆ వాయి పులిసిపోతుంది, వేయిస్తే ఎర్రగా మాడుతుంది. పొద్దున్నే పెరట్లోకి వచ్చి ఆకాశం చూసి, గాలి ఎటునుంచి వస్తోందో చూసి, అప్పుడే పప్పు నానబోసిన గిన్నె రోటి దగ్గరికి తెచ్చేది.

ఆదివారం పిల్లలకి తలంట్లు. కాగు కింద కొబ్బరి డొక్కలు, మట్టలు మండుతూ ఉండేవి. ముందు నువ్వుల నూనె గోరువెచ్చన చేసి మాడుకి, చెవుల వెనక, మోకాళ్ళకి పట్టించి ఒక గంట ఎండలో వదిలెయ్యడం, తర్వాత నలుగు. పెసలు, శనగలు, బావంచాలు, కచ్చూరాలు, కాస్త పసుపు దంచి జల్లించిన పిండి, పాలమీగడతో తడిపి, కిందనుంచి పైకి కాకుండా పైనుంచి కిందికి రుద్దేది. పొడవు జుట్టుకి పదిహేను ఇరవై కుంకుడుకాయలు. చితక్కొట్టి, గింజలు తీసేసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి పిసకాలి. గింజతో కలిపి దంచితే రసం నల్లబడుతుంది, నురగ తగ్గుతుంది. కుంకుడు ఒక్కటే అయితే జుట్టు పీచులా బిరుసెక్కుతుంది కాబట్టి మందారాకులు నలిపి ఆ జిగురు కలిపేది. రసం గుడ్డలో వడగట్టాల్సిందే, పిప్పి జుట్టులో ఇరుక్కుంటే రెండ్రోజులు దురద. "కళ్ళు మూసుకోవే తల్లీ, అయిపోయింది, అయిపోయింది" అని అంటూనే ఇంకో రెండు దోసిళ్ళు పోసేది. కళ్ళు మండాయని గోల చేస్తే నాలిక మీద ఉప్పుకల్లు పెట్టేది. మంట తగ్గేదో లేదో కానీ ఏడుపు ఆగేది.

తర్వాత సాంబ్రాణి. నిప్పుల మీద సాంబ్రాణి పొడి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరిచేది. నిప్పులు కణకణలాడుతుంటే సాంబ్రాణి ఒక్కసారిగా మండి మాడు కంపు కొడుతుంది. పైన కాస్త బూడిద పట్టిన నిప్పు కావాలి, పొగ సన్నగా చాలాసేపు వస్తుంది.

వీటన్నిటికంటే ఆ ఇంటిని నిలబెట్టింది ఏటేటా చేయించే పెంకు నేత, అంటే కప్పు పెంకుల్ని తిరగ సర్దించడం. నాటు పెంకు చిన్నది, గూనగా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి ఊరికే ఆనించి పేర్చేదే. కోతులు, పిల్లులు, గాలివాన, ఏది తగిలినా జరుగుతుంది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు ఫ్యాక్టరీ పెట్టాక వ్యాపించిన మంగుళూరు పెంకు ఒకదానికొకటి కొక్కెం పడుతుంది కాబట్టి జరగడం తక్కువ, కానీ పగిలిందంటే అదే అచ్చు పెంకు వెతకాలి. కారే చోటు కనిపెట్టడానికి అమ్మమ్మ వాన కోసం ఎదురుచూసేది కాదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తలుపులన్నీ మూసి చీకటి చేసేది. పెంకుల సందుల్లోంచి నేల మీద పడే రూపాయి బిళ్ళంత వెలుగు చుక్కల్ని చూసుకుని, సూటిగా పైన ఏ వాసం పక్కనుంచి వస్తోందో ఎంచి, ఆ వాసానికి బొగ్గుతో గీత పెట్టించేది. పనివాడు కప్పెక్కాక లోపలినుంచి వెదురుకర్రతో అక్కడ తట్టేవారు, పైనుంచి అతను చప్పుడుని బట్టి పెంకు మార్చేవాడు. కప్పు మీద నడిచేటప్పుడు వాసాల మీదే అడుగు పడాలి. పెంకు మీద పడితే ఒకటి బాగుచేసి మూడు విరిచినట్టే.

రెండేళ్ళు నేత తప్పితే చాలు, నీరు వాసాల్లోకి దిగి, తడి పట్టిన చోట చెద మొదలయ్యేది. తాటి వాసం పైకి బాగానే కనిపిస్తూ లోపల పిండైపోతుంది. గోరుతో కాదు, మేకుతో గుచ్చి చూడాలి. నేసేవాళ్ళు తగ్గిపోయారు, పిల్లలు ఊళ్ళు దాటి వెళ్ళారు, 1996 నవంబరు తుపాను కోనసీమ మీద విరుచుకుపడ్డాక పెంకులు లేచిపోయిన ఇళ్ళు కొన్ని మళ్ళీ నేతకి నోచుకోలేదు. ఇప్పుడు విప్పుతున్న ఇళ్ళలో గుమ్మాలకి, చెక్కడపు స్తంభాలకి మంచి గిరాకీ ఉంది. దూలాలకి కలప ధర. పెంకులు లారీ లెక్కన పోతాయి. తిరగళ్ళు, రోళ్ళు ఎవరూ అడగరు, పునాది గోతుల్లో రాళ్ళతోపాటు పడేస్తున్నారు.